మోటారు ఎప్పుడు ఆపాలి?



చేనుకు తడి ఎప్పుడు పెట్టాలని అడిగితే మన రైతు తడుముకోడు. సాళ్ల మధ్యకు దిగి, పారతో జానెడు లోతు తవ్వి, గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగిస్తాడు. ముద్ద కడితే ఇంకా పదును ఉన్నట్టు. వేళ్ల సందుల్లోంచి పొడిగా రాలిపోతే తడి పెట్టాల్సిందే. మధ్యాహ్నం ఎండకు ఆకు వాలి సాయంత్రానికి తేరుకుంటే ఫరవాలేదనుకుంటాడు. పొద్దున్నే వాలి కనిపిస్తే పరుగున బోరు దగ్గరికి వెళ్తాడు. తరాలుగా చేతికి, కంటికి అబ్బిన విద్య ఇది.

అదే రైతును మోటారు ఎప్పుడు ఆపుతావని అడిగి చూడండి. కరెంటు పోయినప్పుడు అని చెప్పేవాళ్లే ఎక్కువ. నీళ్లు చివరి సాలుకు అందాక అని కొందరు అంటారు. ఇంకొందరు ఆటో స్టార్టర్ పెట్టుకుని ఆ సంగతే వదిలేశారు. కరెంటు రాగానే మోటారు తిరుగుతుంది, పోగానే ఆగుతుంది. అడుగు కింద వేరు దగ్గర ఏం జరుగుతోందో, నీళ్లు చాలాయో, దాటి పోయాయో చెప్పేవాళ్లెవరూ లేరు. నేలలో తేమను కొలిచి, తీగ అవసరం లేకుండా ఆ కబురు మన ఫోనుకు పంపే సెన్సర్లు ఇప్పుడు వస్తున్నాయి. వాటి గురించి ఈ పూట మీతో మాట్లాడతాను. ఎప్పుడు నీళ్లు పెట్టాలో చెబుతాయని వాటిని అమ్ముతున్నారు. ఎప్పుడు ఆపాలో చెప్పడంలోనే వాటి అసలు విలువ ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో చెబుతాను.

నేల తేమను పరికరంతో కొలవడం కొత్తేమీ కాదు. టెన్సియోమీటర్ దాదాపు వందేళ్లుగా వాడుకలో ఉంది. అదొక గొట్టం. కింది కొసన సన్నని రంధ్రాలున్న మట్టి బుడ్డి, పైన ఒక మీటరు. గొట్టం నిండా నీళ్లు పోసి, గాలి చొరబడకుండా మూసి నేలలో దించుతారు. చుట్టూ మట్టి ఎండేకొద్దీ బుడ్డిలోని నీళ్లను లాగుతుంది. ఎంత బలంగా లాగుతోందో మీటరు మీద సెంటీబార్లలో కనిపిస్తుంది. వేరు నీటి కోసం ఎంత కష్టపడుతోందో చెప్పే కొలత అదే కాబట్టి ఈ పరికరమంటే నాకు గౌరవం. 1940లో అమెరికాలోని మిషిగన్‌లో బుయూకస్ అనే శాస్త్రవేత్త జిప్సం దిమ్మెలో రెండు తీగలు పెట్టి, తేమను బట్టి వాటి మధ్య విద్యుత్తు ఎంత పారుతోందో కొలిచే పద్ధతి తెచ్చాడు.

ఇప్పుడు ఎక్కువగా దొరికే సెన్సర్లు పనిచేసే తీరు వేరు. మన వ్యవసాయ మోటార్ల దగ్గర కెపాసిటర్ బిగిస్తారు కదా. రెండు పలకల నడుమ విద్యుత్తును కాస్తసేపు పట్టి ఉంచే డబ్బా అది. ఆ పలకల నడుమ ఏ పదార్థం ఉందన్నదాన్ని బట్టి అది పట్టే విద్యుత్తు మారిపోతుంది. గాలికి ఆ గుణం 1 అయితే, ఎండిన మట్టి రేణువులకు 3 నుంచి 5 దాకా ఉంటుంది. నీటికి దాదాపు 80. సెన్సర్‌కు ఉండే కోరలే ఆ పలకలు, వాటి చుట్టూ ఉన్న మన చేని మట్టే నడుమ ఉన్న పదార్థం. నీటికీ మట్టికీ ఇంత తేడా ఉండబట్టే మట్టిలో తేమ కాస్త పెరిగినా అంకె కదులుతుంది. 1980లో టాప్, డేవిస్, అన్నన్ అనే ముగ్గురు కెనడా శాస్త్రవేత్తలు ఈ గుణానికీ నేలలోని నీటి శాతానికీ ఉన్న సంబంధాన్ని ఒక సమీకరణంగా ప్రకటించారు. తర్వాత వచ్చిన పరికరాల్లో చాలావాటికి అది పునాది.

ఇక తీగ లేకుండా కబురు పంపడం. సెన్సర్ పక్కన చిన్న డబ్బాలో బ్యాటరీ, రేడియో ఉంటాయి. ఆ డబ్బా రోజంతా నిద్రపోతూనే ఉంటుంది. అరగంటకో గంటకో ఒక్కసారి లేచి, తేమ ఎంతో చూసి, రెండు మూడు అంకెలు పంపి మళ్లీ పడుకుంటుంది. అందుకే బ్యాటరీ పంటకాలమంతా నిలుస్తుంది, జాగ్రత్తగా తయారుచేసినవైతే ఏళ్లు కూడా నడుస్తాయి. లోరా అనే పద్ధతిలో మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య, లైసెన్సు అవసరం లేకుండా ఈ కబురు పంపుకోవచ్చు. అడ్డు లేని మైదానంలో కొన్ని కిలోమీటర్ల దూరం పోతుంది. ఊళ్లో ఎత్తయిన డాబా మీద ఒక గ్రాహకం పెట్టి దానికి సిమ్ వేస్తే చుట్టుపక్కల చేలన్నిటి కబురూ అందుతుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలతో చేలో చిక్కు వస్తుంది. వాటిని ఆకుల్లోని నీరు మింగేస్తుంది. మొక్కజొన్న మోకాలెత్తు ఉన్నప్పుడు చక్కగా పలికిన పెట్టె, పైరు మనిషెత్తు పెరిగి కంకి వేసేసరికి మూగబోతుంది. నీళ్లు అత్యవసరమైన దశ అదే మరి. కాబట్టి యాంటెన్నాను పైరు కంటే ఎత్తుగా, వెదురు బొంగుకో ఇనుప గొట్టానికో కట్టించుకోవాలి. బిగించడానికి వచ్చిన కుర్రవాడు భూమికి జానెడు ఎత్తున పెట్టి వెళ్తానంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు మీరు జాగ్రత్తగా వినాల్సిన సంగతికి వస్తున్నాను. ఫోను తీశారు, 20 శాతం అని కనిపించింది. అది తడా, పొడా? ఆ అంకె ఒక్కటే చూసి ఎవరూ చెప్పలేరు. ఇసుకపాలు ఎక్కువున్న చల్క నేల 10 శాతం దాకానే నీటిని గట్టిగా పట్టుకోగలదు. అక్కడ 20 అంటే నీళ్లు ఎక్కువై కిందికి జారిపోతున్నాయన్నమాట. బరువైన నల్లరేగడిలో 25 శాతం దగ్గరే పైరు వడలిపోతుంది. అక్కడ 20 శాతం నీళ్లున్నా బంకమట్టి వాటిని పట్టు విడవదు, వేరు లాక్కోలేదు. ఒకే ఊళ్లో గట్టుకు ఇవతల చల్క, అవతల రేగడి ఉన్న చోట్లు మనకెన్నో. అంకె ఒకటే, ఇవతలి పైరు మునుగుతుంది, అవతలి పైరు ఎండుతుంది. అందుకని కంపెనీవాళ్లు గీసిచ్చిన ఎర్రగీత, పచ్చగీత మీద ఆధారపడకండి. ఆ గీతలు మీ నేలతోనే గీయించుకోవాలి. దారి సులువే. గట్టి వాన కురిశాకో, నిండా తడి పెట్టాకో తేలికనేలల్లో ఒక రోజు, బరువు నేలల్లో రెండు మూడు రోజులు ఆగి చూడండి. మిగులు నీళ్లు దిగిపోయాక అంకె ఎక్కడ నిలకడగా ఆగిందో అదే మీ నేలకు పైగీత. పైరు మధ్యాహ్నం వాలడం మొదలెట్టిన రోజున ఉన్న అంకె కిందిగీతకు దగ్గరగా ఉంటుంది. ఆ రెంటి మధ్యలో సగం దిగకముందే తడి పెట్టుకోవాలి. కూరగాయల్లాంటి నాజూకు పైర్లకైతే ఇంకాస్త ముందే.

ఒక్క సెన్సర్ కంటే, ఒకే చోట రెండు లోతుల్లో రెండు పెట్టడం వెయ్యి రెట్లు మేలు. ఒకటి అరడుగు లోతున, వేర్లు గుబురుగా ఉండే చోట. రెండోది అడుగున్నరలో, వేర్ల కింది అంచున. తడి పెట్టండి. కాసేపటికి పైదాని అంకె లేస్తుంది. అది మామూలే. కిందిదాని మీద కన్నేసి ఉంచండి. అదీ లేవడం మొదలెట్టిందంటే నీళ్లు వేర్లను దాటుతున్నాయని అర్థం. మోటారు అప్పుడే ఆపాలి. ఆ తర్వాత పోసే ప్రతి చెంబూ పాతాళానికే. ఒక్కటే పోదు, మొన్న చల్లిన యూరియాలో నైట్రేటుగా మారిన భాగాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. పైరు పసుపు తిరిగితే మనం ఇంకో బస్తా కొంటాం.

ఒక లెక్క చెబుతాను, కాగితం లేకపోయినా ఫరవాలేదు. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలబెట్టాలంటే సుమారు 4,047 లీటర్లు కావాలి. సెకనుకు మూడు లీటర్లు పోసే బోరు గంటకు 10,800 లీటర్లు ఇస్తుంది. తొమ్మిది గంటలు నడిస్తే 97,200 లీటర్లు, అంటే ఎకరానికి 24 మిల్లీమీటర్లు. ఇసుక కలిసిన చల్క నేల మీటరు లోతుకు పైరుకు అందేలా దాచుకోగల నీళ్లు 70, 80 మిల్లీమీటర్లు. అడుగు లోతు వేరున్న పైరుకు అందులో మూడో వంతుకు మించి అందదు. సగం ఆరాక తడి పెడుతున్నామంటే నింపాల్సింది పది, పన్నెండు మిల్లీమీటర్లు. పారకంలో పోయేది కలుపుకున్నా ఐదు గంటలు చాలు. మిగతా నాలుగు గంటలూ మోటారు కష్టం, బోరు కష్టం వృథా. మీ బోరు పోసే నీరు, మీ నేల వేరు కావచ్చు. ఈ లెక్క మాత్రం మీ చేనుకు మీరు వేసుకోవచ్చు.

ఇక పాతే విధానం. చాలా పరికరాలు పాతడంలోనే పాడవుతాయి. చేలో అన్నిటికంటే బాగున్న చోటా వద్దు, బాగా లేని చోటా వద్దు. ఎక్కువ భాగం ఎలా ఉందో అలాంటి చోటు చూడండి. బోదె పక్కన, చెట్టు నీడలో, గట్టు వార పెట్టకూడదు. డ్రిప్పు ఉంటే డ్రిప్పర్‌కు సరిగ్గా కింద కాకుండా జానెడు పక్కన, మొక్క వైపు పెట్టాలి. గొయ్యి తవ్వేటప్పుడు పైమట్టి ఒక గోతం మీద, కిందిమట్టి ఇంకో గోతం మీద పోయాలి. సెన్సర్ కోరలను గోతి అడుగున కాకుండా, కదలని పక్కగోడలోకి వంకర పోకుండా నెట్టాలి. కోరకూ మట్టికీ మధ్య వెంట్రుకంత గాలి సందు ఉన్నా అది మట్టిని కొలవదు, గాలిని కొలుస్తుంది. నేల గట్టిగా ఉంటే అదే మట్టిని జల్లించి, నీళ్లతో చిక్కగా కలిపి ఆ సందులో పోయాలి. తర్వాత కిందిమట్టి కిందికి, పైమట్టి పైకి, కొంచెం కొంచెంగా పోస్తూ కాలితో అదమాలి. మొదటి రెండు తడులు దిగి ఆరేదాకా అంకెలను నమ్మొద్దు. పాతిన చోట ఎర్రగుడ్డ కట్టిన కర్ర నిలబెట్టండి. లేదంటే గుంటక తోలేటప్పుడు సెన్సర్ నుంచి డబ్బాకు పోయే తీగ తెగుతుంది. పైకి వచ్చే తీగను ఇనుప గొట్టంలోంచి తీసుకుంటే ఎలుకల బెడద తప్పుతుంది.

నల్లరేగడి రైతులకు ఇంకో మాట. మీ నేల ఎండితే పగుళ్లిస్తుంది. పగులు సెన్సర్ పక్కగా వస్తే కోర చుట్టూ గాలి చేరి, అంకె ఒక్కసారిగా పడిపోతుంది. ఆ తర్వాత తడి పెడితే నీళ్లు పగుళ్లలోంచి సూటిగా దిగి కింది సెన్సర్‌ను ముందు తడుపుతాయి. పైది పొడిగా, కిందిది తడిగా కనిపిస్తే పరికరం చెడిపోయిందనుకోకండి, మీ నేల తాగే తీరే అది. మట్టితో పగుళ్లు పూడ్చి చూడండి. చౌడు నేలల్లో ఉప్పు వల్ల చౌకరకం సెన్సర్లు ఉన్నదానికంటే ఎక్కువ తేమ చూపిస్తాయి. మార్కెట్లో వంద, రెండు వందలకు దొరికే పలక సెన్సర్లు బడిపిల్లలు నేర్చుకోవడానికి మంచివే. వాటి అంచులకు పూత లేకపోతే మాత్రం నీరు లోపలికి ఇంకి ఒక కారు కూడా నిలవవు.

మన సరిహద్దులోనే ఈ ప్రయత్నం రెండు దశాబ్దాల కిందట జరిగిందని మీకు తెలుసా? కర్ణాటకలోని పావగడ తాలూకా, దాదాపు చుట్టూ అనంతపురం సీమే. అక్కడ ఇళ్లల్లో తెలుగు వినిపిస్తుంది. ఇప్పుడు సోలార్ పార్కుతో దానికి పేరు వచ్చింది. ఆ తాలూకాలోని చెన్నకేశవపురంలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, స్విట్జర్లాండ్‌లోని లొజాన్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి 'కామన్‌సెన్స్ నెట్' పేరుతో వైర్‌లెస్ నేల తేమ సెన్సర్లు పెట్టి చూశాయి. ముందు రైతు కుటుంబాలను అడిగి, వాళ్లకు ఏ సమాచారం కావాలో తెలుసుకుని మొదలుపెట్టారు. నాకు నచ్చింది ఆ పద్ధతే. అక్కడి పంట వానాధార వేరుశనగ. అది తలచుకుంటే నాకు ఒక ప్రశ్న వస్తుంది. తేమ తగ్గిందని తెలిసినా, పెట్టడానికి నీళ్లు లేని రైతుకు ఆ కబురు ఎందుకు? పంటకుంటలో ఒక్క తడికి సరిపడా నీళ్లున్న రైతుకైతే మాత్రం ఆ కబురు బంగారం. ఊడలు దిగేటప్పుడు పెట్టాలా, కాయ ఊరేదాకా ఓర్చుకోవచ్చా అన్నది ఆ ఒక్క తడికి సంబంధించిన ప్రశ్న. 2016 ఆగస్టులో రాయలసీమలో వేరుశనగ వాడిపోతుంటే ప్రభుత్వం రెయిన్ గన్లతో రక్షక తడులు ఇప్పించింది. అప్పుడు ప్రతి మండలంలో రెండు మూడు చోట్ల వేరు లోతున తేమ ఎంతుందో తెలిసి ఉంటే, ట్యాంకరు ముందు ఏ ఊరికి పోవాలో ఇట్టే తేలేది. 2015 జనవరి 31న నాసా ప్రయోగించిన స్మాప్ ఉపగ్రహం పైనుంచి తేమ చూస్తుంది. కానీ దాని చూపు పై ఐదు సెంటీమీటర్ల దాకానే. వేరుశనగ వేరు అంతకంటే కింద ఉంటుంది.

బత్తాయి తోటలున్నవాళ్లకు ఇది ఇంకో విధంగా అక్కరకొస్తుంది. పూత కోసం చెట్లను కొన్నాళ్లు బెట్టకు వదులుతాం కదా. తేలికనేలలో కొద్ది రోజులకే బెట్ట తగులుతుంది, బరువు నేలలో చాలా రోజులు పడుతుంది. రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఒక్కోసారి బెట్ట చాలదు, ఒక్కోసారి మితిమీరి ఆకు రాలి కొమ్మలు ఎండుతాయి. లోతు సెన్సర్ అంకె చూస్తూ బెట్ట పెడితే ఆ ప్రమాదం తగ్గుతుంది.

అన్నిటికీ సెన్సరే కావాలని నేను అనను. వరికి అక్కర్లేదు. పక్కలకు చిల్లులు పెట్టిన అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టాన్ని మడిలో సగం పాతి, లోపలి మట్టి తీసేస్తే చాలు. గొట్టంలో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్లు దిగేదాకా మళ్లీ నీళ్లు పెట్టనవసరం లేదని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ చెబుతోంది. పొట్ట, పూత దశల్లో మాత్రం మడి ఆరనివ్వకూడదు. ఆరుతడి పంటలకు, ఫోను గొడవ వద్దనుకునేవాళ్లకు, కోయంబత్తూరులోని చెరకు ప్రజనన సంస్థ ఒక చేతి పరికరం తయారుచేసింది. రెండు కడ్డీలు నేలలో గుచ్చితే దీపం వెలుగుతుంది. నీలం వెలిగితే నీళ్లు పుష్కలం, ఆకుపచ్చ అయితే చాలినంత, నారింజ రంగయితే తడి పెట్టుకోవచ్చు, ఎరుపైతే వెంటనే పెట్టాలి. చదువు రాని కూలీ తల్లి కూడా చూసి చెప్పగలదు.

మంచి వైర్‌లెస్ సెన్సర్లు, గ్రాహకం, ఫోను చందా అన్నీ కలిపితే ఖర్చు వేలల్లోంచి పదుల వేలల్లోకి పోతుంది. రెండెకరాల రైతు ఒక్కడే ఎందుకు మొయ్యాలి? ఊళ్లో ఎన్ని రకాల నేలలున్నాయో చూసుకుని, రకానికి రెండు చోట్ల పెట్టి, రైతు ఉత్పత్తిదారుల సంఘమే నడిపించవచ్చు. ఈ రోజు చల్కలో ఇంత, రేగడిలో ఇంత అని పంచాయతీ గోడ మీద సుద్దముక్కతో రాస్తే ఫోను లేనివాళ్లకూ తెలుస్తుంది. కొనేముందు మాత్రం ఒక్క మాట అడగండి: చందా ఆపేస్తే మా చేని లెక్కలు మా దగ్గర ఉంటాయా?

కరెంటు ఉచితం కదా, నీళ్లు ఎక్కువ పోస్తే నాకేం నష్టమని అనేవాళ్లున్నారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చే ముందు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను ఎందుకు బతిమాలిందో ఆలోచించండి. మీటరు తిరగకపోయినా బోరు మట్టం పడుతూనే ఉంటుంది. మీ బోరు, పక్కాయన బోరు ఒకే బండ పగులు నీళ్లు తాగుతాయి. లెక్క తెలిస్తే రైతులే నీళ్లు పొదుపు చేస్తారనడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే నిదర్శనం ఉంది. అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం వంటి ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో రైతులే భూగర్భజలాన్ని కొలుచుకునే కార్యక్రమం ఒకటి నడిచింది. రైతులు, మహిళలు కూడా, రోజూ వానను కొలిచారు, పక్షానికోసారి బావుల్లో నీటిమట్టం చూశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేద్దామనుకున్న పంటలకు కావాల్సినవెన్ని అని నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఎవరూ వాళ్లకు ఆంక్షలు పెట్టలేదు. లెక్క కళ్లెదుట కనిపించాక చాలా ఊళ్లలో వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. ఆ రైతులకు అప్పట్లో వేరు దగ్గరి లెక్క ఒక్కటే అందలేదు. ఇప్పుడు అదీ అందే రోజు వచ్చింది.

ఈ రబీలో సెన్సర్ కొన్నా, కొనకపోయినా ఒక పని చేసి చూడండి. తడి పెట్టిన మర్నాడు చేలో ఒకచోట అడుగున్నర లోతు తవ్వి మట్టి పిడికిలి పట్టండి. అక్కడ ముద్ద కట్టి నీరు చెమర్చితే, తర్వాతి తడికి మోటారును గంట ముందు ఆపండి. మర్నాడు మళ్లీ తవ్వండి. అడుగున్నర దగ్గర మట్టి తడిసీ తడవనట్టు ఉండేదాకా గంటలు తగ్గించుకుంటూ పోండి. మోటారు ఎన్ని గంటలు నడిచిందో స్టార్టర్ డబ్బా తలుపు లోపల బొగ్గుతోనైనా రాసిపెట్టుకోండి. వచ్చే ఏడు సెన్సర్ పెట్టించుకుంటే దాని గీతలు సరిగ్గా గీయించుకోవడానికి ఆ రాతలే పనికొస్తాయి.